ఏ నెలలో తూచారు?

గ్రే మౌస్ లెమూర్‌లు కోతులకు దూరపు చుట్టాలైన, ఎలుకంత చిన్న జంతువులు. వీటిలో ఆడది బరువా, మగది బరువా? ఏ నెలలో తూచారో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం. మడగాస్కర్ పడమటి వైపున్న కిరిండీ అడవిలో పరిశోధకులు యుట్టా ష్మిడ్, పీటర్ కాపెలర్ ఈ సంగతి గమనించి 1998లో ప్రచురించారు. వానలు వెనకబట్టే వేళకు ఆడవి బరువెక్కుతాయి. వానలు లేని చలికాలం చివర, జతకట్టే రోజులు దగ్గరపడేసరికి మగవాటి బరువు పెరుగుతుంది.

వీటిని తూచడం ఓపికతో కూడిన పని. సాయంత్రం అరటిపండు ముక్క పెట్టిన చిన్న అల్యూమినియం పెట్టెలను చెట్లలో అమరుస్తారు. పట్టుబడిన జంతువును గుడ్డసంచిలో వేసి తూచి, చర్మం కింద ఉన్న చిప్‌ని బట్టి ఏదో గుర్తుపట్టి, మళ్ళీ చీకటి పడ్డాక పట్టిన చోటే వదిలేస్తారు. పెద్దయిన లెమూర్ కూడా 60 గ్రాములకు అటూ ఇటూగానే ఉంటుంది. అంత చిన్న ఒంట్లో పది గ్రాములు పెరిగినా పెద్ద మార్పే.

కిరిండీలో ఏడాదిలో సగానికి పైగా వానే ఉండదు. పళ్ళు, పురుగులు తగ్గిపోతాయి, రాత్రిళ్ళు చలి. అందుకే చాలా ఆడవి ముందే తోకలో, ఒంట్లో కొవ్వు నింపుకుని చెట్టుతొర్రలో సుప్తావస్థలోకి జారుకుంటాయి. ఈ నిద్ర ఐదు నెలల దాకా సాగవచ్చు. కొవ్వు పెంచుకోమని ఒంటికి చెప్పేది పగటి పొడవు. ల్యాబ్‌లో తిండికి కొదవ లేకపోయినా, దీపాలతో పగటిని కుదిస్తే చాలు, లెమూర్ లావెక్కిపోతుంది.

మగవాటిలో ఎక్కువ భాగం అలా పడుకోవు. రోజూ కొన్ని గంటలు మాత్రం ఒంటి వేడి తగ్గించుకుని శక్తి పొదుపు చేసుకుంటాయి, రాత్రి లేచి తిరుగుతాయి. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆ తర్వాత జరిగేదే. ఇంకా వాన పడలేదు, తిండి లేదు, చలి తగ్గలేదు. అయినా మగది బరువు పెరుగుతుంది, పైగా వృషణాలు బాగా ఉబ్బుతాయి. ఎందుకంటే ఆడది జతకు ఒప్పుకునేది ఒక రాత్రి కొన్ని గంటలు మాత్రమే. అది ఏ రాత్రో ముందుగా తెలియదు. ఒకే ఆడదానితో పలు మగవి జతకడతాయి కాబట్టి పోటీ వీర్యకణాల దాకా వెళ్తుంది. నిద్రలో ఉండిపోయిన మగదానికి ఆ ఏటికి అవకాశం పోయినట్టే.

దీనికి మూల్యం ఉంది. అదే అడవిలో తర్వాత బతికినవాటి లెక్కలు తీస్తే, చలికాలంలో మేలుకుని తిరిగినందుకు మగవి ఎక్కువగా చనిపోలేదు. ఆడవాటి కోసం దూరదూరాలు తిరిగే ఆ కొద్ది వారాల్లోనే ఎక్కువ ప్రాణాలు పోయాయి.

ఇదే అడవిలో ఉండే ఫ్యాట్‌టెయిల్డ్ డ్వార్ఫ్ లెమూర్ కథ వేరు. దీని ఒంటి బరువులో 40 శాతం దాకా కొవ్వే ఉండవచ్చు, అందులో చాలా భాగం తోకలోనే. ఆ నిల్వతో ఏడు నెలల దాకా నిద్రపోతుంది. తొర్ర గోడలు పలచనైతే ఒంటి వేడి బయటి ఎండను బట్టి ఒక్క రోజులోనే దాదాపు 20 డిగ్రీలు మారుతుందని కాత్రిన్ డౌస్‌మన్ బృందం 2004లో చూపింది. ఇక్కడ ఆడదీ నిద్రపోతుంది, మగదీ నిద్రపోతుంది. ఇవి జంటలుగా బతుకుతాయి, మగది తోడు కోసం అడవంతా వెతకాల్సిన అవసరం అంతగా ఉండదు. రెండు జాతుల మగవాటికీ ఇంత తేడా రావడానికి నాకు బలంగా కనిపించే కారణం ఇదే.