మౌంట్ లారెల్ తీర్పు: రంగును పక్కనపెట్టి ఆదాయాన్ని లెక్కగట్టిన మలుపు

న్యూజెర్సీలో ఏ టౌన్ ఎన్ని అఫర్డబుల్ ఇళ్లకు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి అందే ధరలో ఉండే ఇళ్లకు, చోటివ్వాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. టౌన్లకు ఈ వాటాలు పంచే పదేళ్ల నాలుగో విడత 2025 జూలైలో మొదలైంది. ఈ విడతకు కొత్తగా 84,698 ఇళ్లు అవసరమని రాష్ట్ర ప్రభుత్వ శాఖ లెక్కగట్టింది. స్కూళ్లు కిక్కిరిసిపోతాయని, ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుందని కొన్ని టౌన్లు కోర్టుకెక్కాయి. స్కూలు చూసి ఇల్లు కొనుక్కున్న ఎడిసన్, సౌత్ బ్రన్స్‌విక్ తెలుగు కుటుంబాలకూ ఈ తగాదా దూరమేమీ కాదు.

నల్లవారి పేటలకు అప్పివ్వకుండా బ్యాంకులు గీసిన ఎర్ర గీతలు, నల్లవారికి అమ్మరాదన్న దస్తావేజు షరతులు చాలామందికి తెలిసినవే. కానీ ఇవాళ్టి తగాదాకు అసలు మూలం న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1975లో ఇచ్చిన మౌంట్ లారెల్ తీర్పు.

క్యామ్డెన్ నగరానికి దగ్గర్లోని మౌంట్ లారెల్‌లో నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. పాత ఇళ్లు శిథిలమవుతుంటే, 36 అపార్ట్‌మెంట్లు కట్టుకోనివ్వమని అడిగారు. టౌన్‌షిప్ ఒప్పుకోలేదు. ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే వెళ్లిపోవాల్సిందేనని 1970లో మేయర్ వాళ్ల చర్చిలోనే చెప్పాడు.

ఆ ఊరి 1964 జోనింగ్‌లో, అంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనల్లో, జాతి ఊసే లేదు. విడిగా కట్టిన సింగిల్ ఫ్యామిలీ ఇళ్లకే అనుమతి. ఒక జోన్‌లో ఇంటికి కనీసం అర ఎకరం స్థలం ఉండాలి. పరిశ్రమలకు 4,121 ఎకరాలు, అంటే ఊరి భూమిలో 29.2 శాతం, అట్టిపెట్టారు. వాడకంలో ఉన్నది వంద ఎకరాల లోపే. తర్వాత కొన్ని అపార్ట్‌మెంట్లకు ఒప్పుకున్నా, సగటున ఇంటికి 0.3 మంది బడిపిల్లలు దాటితే అదనపు ఖర్చు బిల్డరే భరించాలన్నారు. కారణం సూటిగానే కనిపిస్తుంది. బడి నడిచేది ప్రాపర్టీ ట్యాక్స్ మీద. ఫ్యాక్టరీ పన్ను కడుతుంది, పిల్లల్ని పంపదు. చిన్న ఇల్లు పన్ను తక్కువ కట్టి పిల్లల్ని పంపుతుంది. నల్లవారి ఆదాయాలు తక్కువగా ఉన్నచోట అర ఎకరం నిబంధన ఒక్కటే చాలు, నిషేధం పని చేసిపెడుతుంది.

ఆ ఊరి నల్లజాతి మహిళ ఎథెల్ లారెన్స్, ఆమె ఇరుగుపొరుగు, నల్లవారి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ కలిసి 1971లో దావా వేశారు. జాతి వివక్షను ముందుకు తెచ్చినా, న్యాయమూర్తి ఫ్రెడరిక్ హాల్ దాన్ని తీర్పుకు ఆధారం చేసుకోలేదు. పేదలందరినీ కలిపి చూస్తూ, రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఎదుగుతున్న ప్రతి టౌన్ తన ప్రాంత అవసరంలో న్యాయమైన వాటా మోయాలన్నారు. ఆధారం రాష్ట్ర రాజ్యాంగమే కాబట్టి ఫెడరల్ కోర్టు జోక్యానికి తావు లేకపోయింది. రెండేళ్లకే, ఇలాంటి జోనింగ్ వివాదమే అయిన ఆర్లింగ్టన్ హైట్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉందని రుజువు చేయాల్సిందేనంది. హాల్ జాతి మీద ఆధారపడి ఉంటే మౌంట్ లారెల్ సిద్ధాంతం అప్పుడే దెబ్బతినేదని నా అంచనా.

కానీ మూల్యం పెద్దది. కోటాలో ఆదాయమే లెక్కకొచ్చింది. వృద్ధులకు మాత్రమే కట్టిన ఇళ్లతో టౌన్లు వాటాలో కొంత పూరించుకున్నాయి. రాష్ట్రం తెచ్చిన 1985 చట్టం ఇంకా అన్యాయం చేసింది: డబ్బు చెల్లించి, తమ కోటాలో సగం దాకా నగరాలకు బదిలీ చేసుకోనిచ్చింది. నల్లజాతి పేదలు ఏ నగరాల్లో ఇరుక్కున్నారో ఇళ్లూ అక్కడికే చేరాయి. 2008లో గానీ దాన్ని రద్దు చేయలేదు.

టౌన్లు చెప్పే రద్దీ అబద్ధం కాదు. అదెలా పుడుతుందో చూడాలి. వంద అఫర్డబుల్ ఇళ్ల కోటాను 20 శాతం వాటా పద్ధతిలో తీరిస్తే బిల్డర్ మొత్తం 500 ఇళ్లు కడతాడు, అందులో 400 మార్కెట్ ధరవే. టౌన్ తన స్థలమిచ్చి, ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ (పన్ను రాయితీ)తో పూర్తిగా అఫర్డబుల్ ప్రాజెక్టు కట్టిస్తే వందతో సరిపోతుంది. జాప్యం చేసి, దావాల నుంచి ఉన్న రక్షణ పోగొట్టుకున్న టౌన్‌లో మాత్రం, ఇదే కేసులో 1983లో వచ్చిన రెండో తీర్పు ఇచ్చిన హక్కుతో బిల్డరే దావా వేసి, తాను ఎంచుకున్న స్థలంలో ఎక్కువ ఇళ్లకు కోర్టు అనుమతి తెచ్చుకోగలడు.

మౌంట్ లారెల్‌లో ఎథెల్ లారెన్స్ పేరుతోనే కట్టిన అఫర్డబుల్ ఇళ్లు 2000లో వచ్చాయి. సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసే బృందం వాటిని పరిశీలించి, చుట్టుపక్కల నేరాలు గానీ పన్నులు గానీ పెరగలేదని, ఇళ్ల విలువ పడిపోలేదని తేల్చింది.