పెద్దవాళ్ళ డిప్రెషన్: ఆడవాళ్ళకు ఒకలా, మగవాళ్ళకు ఇంకోలా

అపోహ: వయసైపోయాక దిగులు మామూలే.
కాదు. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండి, దేని మీదా ఆసక్తి లేక, నిద్రా ఆకలీ దెబ్బతింటే అది జబ్బు, వైద్యంతో తగ్గే జబ్బు.

అపోహ: డిప్రెషన్ ఆడవాళ్ళకే, మగవాళ్ళు తట్టుకుంటారు.
ఆడవాళ్ళలో ఎక్కువన్నది నిజమే, తట్టుకుంటారన్నదే ప్రమాదకరమైన మాట. టంగుటూరు వేలం కేంద్రంలో పొగాకు బేళ్ళ పక్కన నిలబడి రేటు కోసం గట్టిగా మాట్లాడిన మనిషి, పొలం కౌలుకిచ్చి వరండాలో కూర్చున్నాక అయినదానికీ కానిదానికీ కసురుకుంటుంటే ఇంట్లో వాళ్ళు చాదస్తం అనుకుంటారు. నా గదిలోకొచ్చినా "నాకేం డాక్టరమ్మా, బాగానే ఉండా" అంటారు. షుగరూ బీపీల కబుర్లన్నీ అయిపోయి, కొడుకు బిల్లు కట్టడానికి బయటికెళ్ళాక, అప్పుడు "ఎందుకు బతికుండానో తెలీడంలా" అని ఒక్క మాట. ఏడవరు కాబట్టి వీళ్ళను ఆస్పత్రికి తీసుకురారు, కానీ ఆత్మహత్యతో పోయే పెద్దవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ. దయచేసి పురుగుమందు డబ్బాలు ఇంట్లో పెట్టుకోకండి, తప్పకపోతే తాళం వేసి తాళంచెవి మీ దగ్గరుంచుకోండి.

అపోహ: అమ్మకు మోకాళ్ళ నొప్పులే, మనసుకేం కాలేదు.
రెండూ ఉండొచ్చు. కనిగిరి వైపు నీళ్ళలోని ఫ్లోరైడ్‌తో కీళ్ళు బిగుసుకుపోయినవాళ్ళున్నారు, ఆ నొప్పి అబద్ధం కాదు. కానీ నొప్పి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి దిగులును పెంచుతుంది, దిగులుతో అదే నొప్పి రెట్టింపవుతుంది. పైగా భర్త పోయి, చేతిలో డబ్బు లేక, పింఛను 4,000 వచ్చిన రోజే కొడుకు జేబులోకి పోతుంటే ఆమె రోజు ఎలా గడుస్తుంది? డిప్రెషన్ ఒకే స్థాయిలో ఉన్నా ఆడవాళ్ళ జీవితం ఎక్కువ కుంగిపోవడానికి చాలావరకు కారణాలివే, ఆడపుట్టుక కాదు.

మందులు అలవాటైపోతాయని సగంలో ఆపేస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు; పనిచేయడానికి 2 నుంచి 4 వారాలు, పెద్దవాళ్ళకు ఇంకాస్త ఎక్కువే పడుతుంది. కొన్ని మందులతో రక్తంలో సోడియం తగ్గొచ్చు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో, అందుకే మత్తుగా, తికమకగా ఉంటే వెంటనే చూపించండి.

ఏడుపు తగ్గింది కదా అని వైద్యం అయిపోయిందనుకోవద్దు. నాన్న మళ్ళీ టీకొట్టు దాకా వెళ్తున్నాడా, అమ్మ తన డబ్బుతో తనకు కావాల్సింది కొనుక్కుంటోందా అన్నది నేను ప్రతిసారీ అడుగుతాను, మీరూ గమనించి చెప్పండి. రాత్రివేళ భయమేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.