పన్నెండు వారాల గడువు వెనుక: ఓసీడీ మందుల చరిత్ర

వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలు, ఆపుకోలేక మళ్లీ మళ్లీ చేసే పనులతో వేధించే మానసిక జబ్బు ఓసీడీ. దీనికి మందులు మొదలుపెట్టిన చాలా ఇళ్లలో మూడో వారం దాటకముందే 'ఈ మాత్రల వల్ల ఏమీ గుణం లేదు' అన్న మాట వినిపిస్తుంది. డాక్టరు మోతాదు పెంచితే ఇంటివాళ్లు భయపడతారు. కాస్త నెమ్మదించగానే రోగి మందు మానేస్తాడు. ఈ జబ్బుకు మోతాదు ఎందుకంత ఎక్కువ, ఎదురుచూపు ఎందుకంత దీర్ఘం, మానితే ఎందుకు తిరగబెడుతుంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఆ మందులు వాడుకలోకి వచ్చిన తీరులోనే ఉంది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి చెందిన గైగీ కంపెనీ తయారుచేసిన ఇమిప్రమిన్ కుంగుబాటును తగ్గిస్తుందని మానసిక వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించారు. ఆ అణువుకే ఒక క్లోరిన్ పరమాణువును చేర్చి అదే కంపెనీ తయారుచేసిన మందు క్లోమిప్రమిన్. దాన్నీ కుంగుబాటు కోసమే ఉద్దేశించారు. అయితే 1967లో స్పెయిన్ వైద్యులు ఫెర్నాండెజ్ కోర్డోబా, లోపెజ్ ఇబోర్ ఇతర చికిత్సలకు లొంగని రోగులకు దీన్ని ఇచ్చి చూసినప్పుడు, వద్దన్నా పదేపదే వచ్చే ఆలోచనలతో నలిగిపోయేవారికి మేలు జరుగుతున్నట్టు గమనించారు. అంతవరకు ఇది మందులకు లొంగే జబ్బు కాదన్న అభిప్రాయమే బలంగా ఉండేది. మనోవిశ్లేషణ ఏళ్ల తరబడి సాగేది, మరీ ముదిరినవారిలో కొందరికి మెదడు శస్త్రచికిత్స కూడా చేసేవారు.

కుంగుబాటు తగ్గడం వల్లనే ఈ లక్షణాలూ తగ్గాయా, లేక మందు నేరుగా ఓసీడీ మీదే పనిచేసిందా అన్నది తేలాల్సి వచ్చింది. స్వీడన్‌లో పీటర్ తోరెన్, మారీ ఓస్బెర్గ్ బృందం 1980లో వెలువరించిన అధ్యయనంలో క్లోమిప్రమిన్‌ను, అదే కుటుంబానికి చెందిన నార్‌ట్రిప్టిలిన్‌ను, మందు లేని ఉత్తుత్తి మాత్రను పోల్చి చూడగా, ఉత్తుత్తి మాత్ర కంటే స్పష్టంగా మెరుగని తేలింది క్లోమిప్రమిన్ ఒక్కటే. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పిల్లలపై జరిపి 1989లో ప్రచురించిన అధ్యయనం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. క్లోమిప్రమిన్‌తో కోలుకుంటున్న పిల్లలను అదే కుటుంబానికి చెందిన డెసిప్రమిన్‌కు మార్చగానే వారిలో సగానికి పైగా మళ్లీ మొదటికొచ్చారు. ఈ రెండు మందులకూ ఉన్న ముఖ్యమైన తేడా, నాడీకణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం తిరిగి నాడీకణంలోకి పోకుండా క్లోమిప్రమిన్ బలంగా అడ్డుకోవడమే. దీన్నిబట్టి సెరటోనిన్ లోపమే జబ్బుకు మూలమని తేల్చడం మాత్రం తొందరపాటే అవుతుంది. మందు పనిచేసే దారి, జబ్బు పుట్టిన దారి ఒకటే కానక్కర్లేదు.

అదే ఏడాది యేల్, బ్రౌన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఓసీడీ తీవ్రతను కొలిచే ఒక కొలమానాన్ని ప్రచురించారు. 'ఈ ఆలోచనలకు రోజులో ఎంతసేపు పోతోంది?' అన్నది అందులో మొదటి ప్రశ్న. అసలు లేకపోతే సున్నా, గంటలోపైతే ఒకటి, మూడు గంటల వరకైతే రెండు, ఎనిమిది వరకైతే మూడు, అంతకు మించితే నాలుగు. ఇలా పది ప్రశ్నలకు కలిపి నలభై మార్కులు. మన ఇళ్లలో చాదస్తమనీ, మడి పట్టింపనీ ఏళ్లకేళ్లు సరిపెట్టుకునే బాధ, కుళాయి దగ్గర గడిచిన గంటల లెక్కగా డాక్టరు ముందుకు రావడం చిన్న మార్పేమీ కాదు.

21 కేంద్రాల్లో 520 మందితో పది వారాలు జరిపి 1991లో ప్రచురించిన జంట అధ్యయనాల్లో క్లోమిప్రమిన్ వాడినవారి మార్కులు ఈ కొలమానంలో సగటున ఒకదానిలో 38, మరోదానిలో 44 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 3, 5 శాతమే. యూరప్‌లో అప్పటికే ఏళ్లుగా వాడుకలో ఉన్న ఈ మందుకు అమెరికాలో అనుమతి దొరికింది 1989 చివర్లో. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మగత దీనితో తరచుగా వచ్చే ఇబ్బందులు; మోతాదు పెరిగేకొద్దీ మూర్ఛ ముప్పు ఉండటంతో రోజుకు 250 మిల్లీగ్రాములు దాటనివ్వరు.

అందుకే సెరటోనిన్ మీదే ప్రధానంగా పనిచేసే కొత్త మందుల వైపు చూపు మళ్లింది. 1994లో ఫ్లూఆక్సెటిన్‌కు, ఫ్లూవోక్సమిన్‌కు, ఆ తర్వాత పారోక్సెటిన్‌కు, సెర్ట్రలిన్‌కు ఓసీడీ కోసం అమెరికాలో అనుమతి వచ్చింది. కుంగుబాటుకు 20 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సెటిన్ తరచుగా సరిపోతుంది. ఓసీడీకి 60 వరకు, ఒక్కోసారి 80 వరకు వెళ్లాల్సి వస్తుంది. మోతాదు పెంచి, పది పన్నెండు వారాలు ఆగి చూడాలన్న నియమం డాక్టరు సొంతంగా పెట్టుకున్నది కాదు, ఇలాంటి పరీక్షల నుంచి వచ్చింది. ఇక మందు మానడం సంగతి: క్లోమిప్రమిన్‌తో కుదుటపడిన 18 మందికి దాన్ని ఆపి చూసిన అధ్యయనం 1988లో వచ్చింది. ఏడు వారాలు తిరిగేసరికి వారిలో 16 మందికి లక్షణాలు గట్టిగా తిరగబెట్టాయి. నెమ్మదించాక కూడా కనీసం ఏడాది రెండేళ్లు కొనసాగించి, ఆపైన డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించమనడం అందుకే.

అయినా ఈ మందులతో అందరికీ గుణం కనిపించదు, కనిపించినవారిలోనూ లక్షణాలు పూర్తిగా పోవడం అరుదు. అలాంటివారికి సైకోసిస్‌కు, అంటే వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితికి వాడే రిస్పెరిడోన్ వంటి మందును తక్కువ మోతాదులో జత చేయడం వాడుకలోకి వచ్చింది. కానీ దానికి పోటీ మందుల దుకాణం బయట నుంచి వచ్చింది. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లోనే, అంటే స్పెయిన్ పరిశీలనకు ఏడాది ముందే, రోగిని భయపెట్టే వస్తువుకు ఎదురుగా ఉంచి, చేతులు కడుక్కోకుండా ఆపే చికిత్సను వివరించారు. మురికి అనుకున్న తలుపు గడియను పట్టుకున్నాక కుళాయి వైపు వెళ్లకుండా కూర్చుంటే ఆందోళన ముందు పెరుగుతుంది, తర్వాత తనంతట తానే దిగుతుంది. రోగి నేర్చుకునేది ఆ దిగడాన్నే. మందుతో అరకొరగా కోలుకున్న వందమందిపై 2013లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఈ చికిత్స జతచేసినప్పుడు 80 శాతం మందికి, రిస్పెరిడోన్ జతచేసినప్పుడు 23 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది. ఉత్తుత్తి మాత్రతో అది 15 శాతం. ఈ చికిత్సను తెలుగులో, రోగి పక్కన కూర్చుని చేయించగలిగే శిక్షణ పొందినవారు మన జిల్లా కేంద్రాల్లో ఎక్కువ మంది ఉంటే, మాత్ర మీద ఇంత భారం పడేది కాదు.