వడలని గునుగు

నిరుడు సద్దుల బతుకమ్మ నాడు, గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన కట్టలు విప్పి పూలు పేరుస్తుండగా మా మేనకోడలు అడిగింది: "మామా, తంగేడు అప్పుడే వడలిపాయె, గునుగు గట్లనే ఉన్నదేంది?"

మెత్తని రేకును నిలబెట్టేది నీరే. కణాల్లోని రిక్తికలు అనే సంచులు నీటితో ఉబ్బి కణకవచాన్ని లోపలి నుంచి నెడుతుంటాయి. ఈ స్ఫీత పీడనం ఉన్నంతసేపే రేకుకు బిగువు. కోసిన తంగేడుకు వేరు నుంచి నీరందదు, రేకుల నుంచి ఆవిరి పోవడం మాత్రం ఆగదు కనుక, గాలి దిగిన సైకిల్ ట్యూబులా అది మెత్తబడుతుంది. గునుగుకు ఆ బెడద లేదు. కంకిని వేళ్లతో విడదీసి చూడండి: ఒక పువ్వనుకున్నది అనేక చిన్న పూల వరుస, ఒక్కొక్క దానికి ఉల్లిపొట్టులా పలుచగా, పొడిగా అయిదు పరిపత్రాలు, అంటే రేకుల్లాంటి భాగాలు, ఉంటాయి. విచ్చుకునే వేళకే ఎండినట్లుండే పొర కొత్తగా పోగొట్టుకునే నీరెంత?

కంకి కొనన ఉండే గులాబి రంగు ఇంకా విచిత్రమైనది. చాలా పూల ఎరుపు, నీలం రంగులకు కారణం ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు. గునుగు, తోటకూర, బీట్‌రూట్ ఉన్న అమరాంథేసి కుటుంబం వాటిని వాడదు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి నత్రజని ఉన్న బీటాలెయిన్లను తయారుచేసుకుంటుంది. ఈ రెండు రకాల వర్ణకాలూ సహజంగా ఒకే మొక్కలో ఇంతవరకు కనిపించలేదు. ఆంథోసయనిన్లున్న శంఖపుష్పాలు నానిన నీటిలో నిమ్మరసం పిండితే నీలం ఊదాగా మారుతుంది. బీట్‌రూట్ రసం ఎర్రగానే ఉంటుంది. రెండు గ్లాసులతో అయిపోయే ఈ పాఠాన్ని వదిలి, బళ్లలో పరిపత్రం నిర్వచనం బట్టీ పట్టిస్తాం.

తోటకూరకు చుట్టం కనుకనే వానాకాలంలో చేలో కలుపుగా మొలిచే లేత గునుగాకును కూర వండుకుంటారు. కలుపు తీతకు దొరకని మొక్కలు ముదిరి, సరిగ్గా భాద్రపద అమావాస్య నాటికి పూతకొచ్చి బతుకమ్మకెక్కుతాయి. అదే మెట్ట నేలలో పండే జొన్న, సజ్జల రొట్టెలను బెల్లంతో నలిపితే సద్దుల బతుకమ్మ నైవేద్యమైన మలీద ముద్దలవుతాయి.

బతుకమ్మ పూలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయని ఏటా చెబుతుంటారు. నీటిలో కుళ్లే ఏ పువ్వయినా అందులోని ఆక్సిజన్‌ను కొంత ఖర్చు చేయిస్తుంది. ఇంత అందమైన పండుగకు ఆ సాకు ఎందుకో నాకు అర్థం కాదు.

పేర్చడం ముగిశాక పళ్లెంలో ఆవాల కన్నా చిన్నవి, నల్లగా మెరిసే గింజలు మిగిలాయి. గునుగు కాయకు పైన మూత ఉంటుంది. అది ఊడితే గింజలు రాలుతాయి. మేనకోడలు వాటిని బాల్కనీ కుండీలో చల్లింది. ఈ ఆషాఢంలో మా అక్క ఆ ఆకుతో కూర వండింది.