హాకీ ఫిట్‌నెస్: రోజూ పది రౌండ్లు కొడితే సరిపోతుందా?

హైదరాబాద్‌లో హాకీ ఆడే పిల్లలకు ఫిట్‌నెస్ ట్రైనింగ్ ఇవ్వడం నా పని. కొత్తగా చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రుల్లో చాలామంది మొదట అడిగేది ఒకటే: "సార్, రోజూ ఎన్ని రౌండ్లు కొట్టిస్తారు?" ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను.

అపోహ: ఎంత దూరం పరిగెత్తగలిగితే అంత స్టామినా

పచ్చిక గ్రౌండ్ మీద ఆడిన రోజుల్లో బంతి ఎగిరేది, ఆగేది. దాన్ని అదుపులోకి తెచ్చుకునేలోగా మిగతావాళ్లకు కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ టర్ఫ్ వేశారు. దాని మీద బంతి జారుతూ దూసుకుపోతుంది. అప్పటికి ఏడు స్వర్ణాలు గెలిచిన మన జట్టు అక్కడ ఏడో స్థానంతో సరిపెట్టుకుంది.

తర్వాత రూల్స్ కూడా మారాయి. 1990లలో ఎన్నిసార్లైనా ఆటగాళ్లను మార్చుకునే రోలింగ్ సబ్‌స్టిట్యూషన్ వచ్చింది, అదే దశాబ్దం చివరికి ఆఫ్‌సైడ్ (ప్రత్యర్థి గోల్ దగ్గర ముందుగానే కాచుకుని నిలబడకూడదనే రూల్) పోయింది. 35 నిమిషాల హాఫ్‌లు రెండు పోయి, 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు వచ్చాయి. ఇప్పుడు ఫార్వర్డ్ ఆటగాడు నాలుగైదు నిమిషాలు పూర్తి వేగంతో ఆడి బయటికి వస్తాడు. కాసేపు కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ అదే వేగంతో లోపలికి వెళ్లాలి. కాబట్టి ఇరవయ్యో స్ప్రింట్ కూడా మొదటి స్ప్రింట్ అంత జోరుగా ఉందా, కూర్చున్న ఆ కాసేపట్లో గుండె ఎంత త్వరగా నెమ్మదించింది అన్నవే మేం చూసేవి. పెద్ద జట్లలో ఆటగాళ్ల వీపు మీద, భుజాల మధ్య చిన్న జీపీఎస్ పరికరం ఉంటుంది. ఎవరు ఎప్పుడు నెమ్మదించారో దాని లెక్కలు చెప్పేస్తాయి.

ఇలా త్వరగా కోలుకునే శక్తిని కొలవడానికి యో-యో టెస్ట్ పెడతాం. 20 మీటర్ల దూరంలో కోన్లు పెట్టి, బీప్ మోగగానే వెళ్లి తిరిగి రావాలి. పది సెకన్లు నడక, మళ్లీ బీప్. పోనుపోను బీప్‌ల మధ్య సమయం తగ్గిపోతుంది. రెండోసారి గీత అందుకోలేకపోతే ఔట్. మా దగ్గర ఒక పదిహేనేళ్ల కుర్రాడు ఐదు కిలోమీటర్ల పరుగులో అందరికంటే ముందుండేవాడు. ఈ టెస్ట్‌లో మాత్రం సగంలోనే ఆగిపోయాడు. వీడియో తీసి చూస్తే, కోన్ దగ్గర నిటారుగా లేచి, మూడు అడుగులు ఎక్కువ వేసి ఆగుతున్నాడు. ప్రతి మలుపులో శక్తంతా అక్కడే పోతోంది. రౌండ్లు ఆపించి, రెండు నెలలు వంగి ఆగడం, తిరగడం, స్క్వాట్లు చేయించాం. తేడా వాడికే తెలిసింది.

అపోహ: పాతవాళ్లకు స్టిక్ పనితనం తప్ప ఫిట్‌నెస్ లేదు

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. ధ్యాన్‌చంద్ సైనికుడు. సబ్‌స్టిట్యూట్లే లేని రోజుల్లో 70 నిమిషాలూ ఆ పదకొండు మందే ఆడాలి. అది ఓపికగా బలాన్ని పొదుపు చేసుకునే ఫిట్‌నెస్. ఇప్పటి ఆటకు కావలసింది వేరు, అంతే. మన హైదరాబాదీ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్ ఆడారు. ఆట సరిగ్గా ఇలా మారుతున్న కాలంలో మూడు ఒలింపిక్స్ ఆడడం మామూలు విషయం కాదు.

అపోహ: జిమ్‌కి వెళ్తే ఒళ్లు బిగుసుకుపోతుంది

హాకీ అంతా నడుం వంచే ఆడాలి. బలం లేని నడుం, తొడ వెనక కండరాలే ముందు దెబ్బతింటాయి. డ్రాగ్ ఫ్లిక్ అయితే ఒళ్లంతా మెలి తిప్పి, బంతిని స్టిక్‌తో లాగి విసిరే షాట్. మోకాలు, తుంటి పూర్తిగా వంగేలా సరైన పద్ధతిలో బరువులు ఎత్తితే ఒళ్లు బిగుసుకోదు, గాయాలు తగ్గుతాయి. టోక్యో ఒలింపిక్స్‌లో 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చిన పురుషుల జట్టుకు, నాలుగో స్థానంలో నిలిచిన అమ్మాయిల జట్టుకు కూడా ఫిట్‌నెస్ చూసుకోవడానికే ప్రత్యేకంగా సైంటిఫిక్ అడ్వైజర్లు ఉండేవారు.

అపోహ: ఆట మధ్యలో నీళ్లు తాగకూడదు

నేను ఆడే రోజుల్లో మా కోచ్ బాటిల్ ముట్టనిచ్చేవారు కాదు. ఒక మే నెల మధ్యాహ్నం కళ్లు తిరిగి టర్ఫ్ మీద పడిపోయాను. ఇప్పుడు పిల్లల్ని ప్రాక్టీస్‌కి ముందూ తర్వాతా తూకం వేస్తాను. కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్లు పోయినట్టే. దయచేసి పిల్లల్ని తాగనివ్వండి.

అపోహ: గోల్‌కీపర్‌కి ఫిట్‌నెస్ అక్కర్లేదు

టోక్యో కాంస్య పోరులో జర్మనీ మీద 5-4 ఆధిక్యంలో ఉన్నాం. చివరి ఆరేడు సెకన్లలో వాళ్లకు పెనాల్టీ కార్నర్, అంటే గోల్ కొట్టడానికి మంచి అవకాశం. మన గోల్‌కీపర్ శ్రీజేశ్ ఆపారు. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు, అరవై నిమిషాల ఆట ఒంటి మీద ఉంది. 2024 పారిస్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్‌పై మనవాళ్లు 40 నిమిషాలకు పైగా పదిమందితోనే ఆడి 1-1తో నిలిచి, షూటౌట్‌లో గెలిచారు. అప్పుడూ గోల్‌పోస్ట్ దగ్గర ఆయనే.

మా గోల్‌కీపర్ పిల్లలు ప్యాడ్లు, హెల్మెట్ అన్నీ కట్టుకునే ప్రాక్టీస్ చేస్తారు. కుడివైపు పడాలి, చేతులు ఆనించకుండా లేవాలి, వెంటనే ఎడమవైపు కదలాలి, మళ్లీ పడాలి. ఎనిమిదోసారి లేచేటప్పటి వేగాన్నే నేను స్టాప్‌వాచ్‌తో చూసి రాసుకుంటాను.