మాక్రో రేపటి ధర చెప్పదు: షేర్ల షీట్‌పై అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో సాయంత్రం పూట ఎక్సెల్, మాక్రోలు (ఒకే పనిని మళ్లీ మళ్లీ కంప్యూటరే చేసేలా రాసే చిన్న ప్రోగ్రాములు) నేర్పుతుంటాను. ఈమధ్య నా దగ్గరకు వచ్చేవాళ్లలో షేర్ల లెక్క కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. రిటైరైన టీచర్లున్నారు, రాజాం, బొబ్బిలి నుంచి బస్సెక్కి వచ్చే చిన్న వ్యాపారులున్నారు. అందరూ మొదట అడిగేది ఒకటే.

"ఏటి మాస్టారూ, ఈ మాక్రో నేర్చీసుకుంటే రేపు ఏ షేరు పెరుగుద్దో తెలిసిపోద్దా?"

తెలియదు. అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే. షీట్ జరిగిపోయినదాన్ని చూపిస్తుంది. మీరు ఎప్పుడు ఎంతకు కొన్నారు, ఖర్చులు పోగా ఏం మిగిలింది, అదే డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసుంటే ఎంతయ్యేది, ఇవి తేల్చడమే దాని పని. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో (ధర ముందుముందు ఎటు పోతుందన్న దానిమీద చేసే ఒప్పందాల్లో) 2021-22 నుంచి 2023-24 వరకు వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క చెప్పింది. అందుకే "కొను, అమ్ము" అని రంగులు చూపించే సిగ్నల్ షీట్లు నేను నేర్పను.

అపోహ: ప్రోగ్రామింగ్ అంటే ముందు వీబీఏ (ఎక్సెల్‌లో మాక్రోలు రాసే భాష) కోడ్ రాయాలి.

అక్కర్లేదు. వీబీఏ 1993 నుంచి ఎక్సెల్‌లో ఉంది, ఎక్కడికీ పోదు. ముందు సమ్‌ఇఫ్స్ (షరతు పెట్టి కూడేది), ఇఫ్ లాంటి ఫార్ములాలు చేతికి రావాలి, ఆ తర్వాత పవర్ క్వెరీ (బయటి ఫైళ్ల డేటాను తెచ్చి సర్దిపెట్టే ఎక్సెల్ పనిముట్టు). ఒకే పని రోజూ చేత్తో చేసి విసుగెత్తినప్పుడు మాక్రో మొదలుపెట్టండి. అప్పుడైతే కోడ్‌తో ఏం చేయించాలో మీకు స్పష్టంగా తెలిసి ఉంటుంది. లెక్కల్లో మనకు కావలసింది కూడికలు, శాతాలు, అంతే.

డేటాకు డబ్బు కట్టాలన్నదీ నిజం కాదు. స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈ తన వెబ్‌సైట్‌లో ఏ రోజు ధరలు ఆ రోజు సాయంత్రం భావ్‌కాపీ పేరుతో ఉచితంగా పెడుతుంది. గూగుల్ షీట్స్‌లో గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములా ఉంది. అందులో ధర 20 నిమిషాల దాకా ఆలస్యం కావచ్చు, కానీ నెలల తరబడి షేర్లు ఉంచుకునేవాళ్లకు అది చాలు. ఎక్సెల్ కొనలేకపోతే లిబ్రేఆఫీస్ ఉచితం.

అపోహ: డౌన్‌లోడ్ చేసిన డేటా కదా, తప్పుండదు.

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. నా క్లాసులో సగం సమయం దీనికే పోతుంది.

మొదటిది తేదీలు. చాలా కంప్యూటర్లలో విండోస్ రీజియన్ అమెరికా మీద ఉంటుంది. అప్పుడు 05-03 అన్న మన మార్చి 5 కాస్తా మే 3 అయిపోతుంది. 25-03 మాత్రం తేదీగా మారక అక్షరాల్లా మిగిలిపోతుంది. కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకి అంటుకుని ఉన్నాయంటే జరిగింది ఇదే. రీజియన్‌ను ఇండియాకు మార్చి, ఫైల్‌ను మళ్లీ తెరవండి.

రెండోది వీలుకప్, అంటే పట్టికలో ఒక పేరు వెతికి దాని ఎదురుగా ఉన్న ధర తెచ్చే ఫార్ములా. నాలుగో చోట ఫాల్స్ అని రాయకపోతే అది దగ్గరి పేరుతో సరిపెట్టుకుంటుంది. పట్టిక అక్షరక్రమంలో లేకపోతే ఇంకో కంపెనీ ధర తెచ్చి పెడుతుంది. ఎర్రర్ కనిపించదు కాబట్టి నెలల తరబడి ఎవరూ గమనించరు.

మూడోది బోనస్ (ఉన్న షేర్లకు ఉచితంగా అదనపు షేర్లివ్వడం), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం). 2024 అక్టోబరులో రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చింది. మార్కెట్‌లో ధర దాదాపు సగమైంది, చేతిలో షేర్లు రెట్టింపయ్యాయి. భావ్‌కాపీల నుంచి కట్టుకున్న షీట్ మాత్రం సగం ఆస్తి పోయినట్టు చూపిస్తుంది, ఆ రోజులు దాటేదాకా 20 రోజుల సగటు కూడా తప్పుగానే వస్తుంది. 2014 నవంబరులో స్టేట్ బ్యాంక్ షేరు ఒకటి పదిగా విడిపోయినప్పుడూ అంతే. పాత ధరల్ని అదే నిష్పత్తిలో తగ్గించాలి, షేర్ల సంఖ్యను పెంచాలి. ఇందుకోసం కంపెనీ, తేదీ, నిష్పత్తి రాసుకునే చిన్న పట్టికను వేరే షీట్‌లో పెట్టుకోండి. కోడ్ ఆ పట్టికను చదివి సవరించాలి. ధరల కాలమ్‌లో మాత్రం చేత్తో దిద్దవద్దు, తర్వాత ఏది అసలు ధరో ఏది దిద్దిందో తెలియదు.

అపోహ: పదేళ్ల పాత ధరల మీద లాభం చూపిన పద్ధతి రేపూ చూపిస్తుంది.

ఇవాళ్టి నిఫ్టీ 50 (ఎన్‌ఎస్‌ఈలోని 50 పెద్ద కంపెనీల సూచీ) జాబితా తీసుకుని వెనక్కి పరీక్షిస్తే, నిలబడ్డ కంపెనీలనే పరీక్షించినట్టు. 2009 జనవరి 7న ఒక్కరోజులో విలువలో ముప్పావు వంతుకు పైగా పోగొట్టుకున్న సత్యం కంప్యూటర్స్ అందులో ఉండదు. 2020 మార్చిలో సూచీలోంచి బయటికి వెళ్లిన యెస్ బ్యాంక్ ఉండదు. ఇంకో పొరపాటు, ముగింపు ధర చూసి సిగ్నల్ తీసి, అదే ముగింపు ధరకు కొన్నట్టు లెక్క వేయడం. మార్కెట్ మూసేశాక ఆ ధరకు ఎవరు అమ్ముతారు? మర్నాటి ప్రారంభ ధర పెట్టండి. డెలివరీలో (అదే రోజు తిప్పేయకుండా షేర్లు ఖాతాలో ఉంచుకునే పద్ధతిలో) కొన్నా అమ్మినా 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను ఉంటుంది, బ్రోకరేజీ వేరు. అవి కలిపితే చాలా పద్ధతుల్లో లాభం కరిగిపోతుంది.

టెలిగ్రామ్‌లో వచ్చే ఉచిత మాక్రో ఫైళ్ల గురించి ఒక్కమాట. ఇంటర్నెట్ నుంచి వచ్చిన మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగానే అడ్డుకుంటోంది. ఆ అడ్డు తీసేసి తెరవకండి. మాక్రో మీ కంప్యూటర్‌లో ఏ ఫైల్‌నైనా తాకగలదు.

ఇక లాభం శాతం. జనవరి 1న లక్ష, డిసెంబరు 1న ఇంకో లక్ష పెట్టారు. మళ్లీ జనవరి 1 నాటికి విలువ 2,20,000. లాభం 10 శాతం అంటారు అందరూ. రెండో లక్ష పనిచేసింది నెల రోజులే కాబట్టి అసలు వార్షిక రాబడి సుమారు 18.5 శాతం. ఎక్సెల్‌లోని ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఫార్ములా ఈ లెక్క చేస్తుంది. ఇది మిమ్మల్ని సంతోషపెట్టడానికే కాదు, ఏళ్ల తరబడి ఉంచి "యాభై శాతం వచ్చింది" అనుకున్న షేరు ఫిక్స్‌డ్ డిపాజిట్‌కన్నా వెనకబడిందని చెప్పేదీ ఇదే. ఒక కాలమ్‌లో తేదీలు, పక్క కాలమ్‌లో మొత్తాలు రాయండి. పెట్టినవి మైనస్‌తో, వచ్చిన డివిడెండ్లు ప్లస్‌తో, చివరి వరుసలో ఇవాళ్టి విలువ ప్లస్‌తో. అన్నీ ప్లస్ అయితే ఫార్ములా ఎర్రర్ చూపిస్తుంది.