జీడి గుర్తు

"అన్నా, ఈ తీగ పీకెయ్యొచ్చా?" అంటూ మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. వాడు నార్త్ కరోలినాలో రాలీకి గంట దూరంలో మూడెకరాల స్థలం కొన్నాడు. సగం అడవి. ఫోటోలో ఓక్ చెట్టు మొదలు, దాన్ని పట్టుకుని పైకి పాకిన బొచ్చు తాడులాంటి తీగ, పక్కన మూడేసి ఆకులు. వీటితో పాటు తీగను వేలితో చూపిస్తున్న వాడి చెయ్యి కూడా పడింది. ఆ చేతికి గ్లౌజు లేదు.

"ముందు వెళ్లి చెయ్యి కడుక్కో, మిగతాది తర్వాత మాట్లాడదాం" అన్నాను.

అది పాయిజన్ ఐవీ. పేరులో ఐవీ ఉంది గానీ ఐవీకీ దీనికీ చుట్టరికం లేదు. 1600ల తొలినాళ్లలో వర్జీనియాలో దిగిన కెప్టెన్ జాన్ స్మిత్ దీన్ని చూసి ఇంగ్లండు ఐవీలా ఉందని రాశాడు. దీని అసలు బంధువులు మన పెరట్లోనే ఉన్నారు: మామిడి, జీడిమామిడి, నల్లజీడి. అన్నీ అనకార్డియేసి కుటుంబమే. చిన్నప్పుడు మామిడికాయ ముచ్చిక దగ్గర కొరికి, సొన అంటి మూతి కాల్చుకున్నవాళ్లకు ఈ కుటుంబం గుణం కొంత తెలుసు. మా బడిలో ఈ కుటుంబ లక్షణాలన్నీ బట్టీ పట్టించారు, పువ్వుకు ఎన్ని రేకులో కూడా. మూతి ఎందుకు కాలుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. ఆకులు మూడేసి, నడిమి ఆకుకు కాడ పొడుగు. ముళ్లుండవు. కొమ్మకు ఆకులు ఒకటి ఇటు, ఒకటి అటు వస్తాయి. ఎదురెదురుగా జంటలుగా వస్తే అది బాక్స్ ఎల్డర్ మొలక అయ్యుంటుంది. ఐదేసి ఆకులుంటే అది వర్జీనియా క్రీపర్ అనే వేరే తీగ. చలికాలం ఆకులన్నీ రాలిపోతాయి, అప్పుడు ఆ బొచ్చు తీగే ఆనవాలు. ఆకుల్లేని తీగ కూడా ఆకులున్నంత ప్రమాదమే.

ఈ మొక్క ఏం చేస్తుందో నాకు బోధపడింది చాకిరేవు పుణ్యమా అని. మా వీధి బట్టలు ఉతికే ముసలాయన నల్లజీడి గింజను సూదితో పొడిచి, చొక్కా కాలరు లోపల చిన్న గుర్తు పెట్టేవాడు. మా ఇంటికి రెండు చుక్కలు, ఒక గీత. పెట్టినప్పుడు ఆ రసం లేత గోధుమరంగులో ఉండేది. పైన కాస్త సున్నం అద్దేవాడు. చూస్తుండగానే నల్లబడేది. ఆ తర్వాత చవుడు పెట్టి ఉడకబెట్టినా, బండకేసి బాదినా, చొక్కా చిరిగి మసిగుడ్డ అయినా గుర్తు మాత్రం అలాగే ఉండేది.

ఎందుకు పోదు? ఆ రసంలోని అణువుకు ఒక తల, ఒక తోక. తల అంటే ఆరు కార్బన్ల వలయం, దాని మీద పక్కపక్కనే రెండు హైడ్రాక్సిల్ గుంపులు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు. దీన్ని కాటెకాల్ అంటారు. తోక 15 కార్బన్ల గొలుసు, అచ్చం నూనె లాంటిది. గాలిలోని ఆక్సిజన్ తలలోని రెండు హైడ్రోజన్లను లాగేసుకుంటే కాటెకాల్ కాస్తా క్వినోన్ అవుతుంది. సున్నం ఆ పనిని తొందరపెడుతుంది. క్వినోన్‌కు నిలకడ ఉండదు, దగ్గర్లో ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. తోటి క్వినోన్లను కూడా పట్టుకుని నల్లటి పూతలా గట్టిపడుతుంది. తోక నూనె కాబట్టి నీళ్లు దాని జోలికి పోవు.

పాయిజన్ ఐవీ జిగురులో ఉన్నది దాదాపు ఇదే అణువు. పేరు ఉరుషియాల్. జపాన్‌లో గిన్నెలకు, పెట్టెలకు మెరుపు పూత వేసే చెట్టు జిగురును ఉరుషి అంటారు. రికో మజిమా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త దాని నిర్మాణాన్ని 1920ల నాటికి తేల్చాడు. ఆ చెట్టూ ఈ కుటుంబమే. ఆ పూత ఎండలో కంటే తేమ గాలిలో బాగా ఆరుతుంది. దాన్ని గట్టిపరిచే లాకేస్ అనే ఎంజైమ్ పనిచెయ్యడానికి తేమ కావాలి మరి. పాయిజన్ ఐవీ ఆకును తెల్ల కాగితం మడతలో పెట్టి రాయితో నలిపితే పది నిమిషాల్లో కాగితం మీద నల్ల మరక తేలుతుంది. నల్లజీడి చేసేదీ అదే.

ఇక మన చర్మం. దాన్ని కాలరు గుడ్డ అనుకోండి. తోక నూనె కాబట్టి చర్మం పైపొరలోని కొవ్వులోకి ఇట్టే దిగిపోతుంది. లోపల తల క్వినోన్‌గా మారి మన ప్రోటీన్లను పట్టుకుంటుంది, ముఖ్యంగా వాటిలో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలోని గంధకాన్ని, లైసీన్ అనే ఇంకో అమైనో ఆమ్లంలోని నైట్రోజన్‌ను. అంటే మన సొంత బట్ట మీద పరాయి ఇంటి గుర్తు పడింది. చర్మంలో లాంగర్‌హాన్స్ కణాలని ఉంటాయి, రేవులో మూటలు విప్పి చూసేవాళ్లలాంటివి. ఆ గుర్తు పడ్డ ముక్కను శోషరస గ్రంథికి మోసుకెళ్లి, ఒంటికి కాపలా కాసే టి కణాలకు చూపిస్తాయి. "ఇది మనది కాదు" అన్న మాట టి కణాలు ఒకసారి నేర్చుకున్నాయంటే ఏళ్ల తరబడి మరిచిపోవు. 2016లో ఇంకో దారి కూడా బయటపడింది. లాంగర్‌హాన్స్ కణాల మీదుండే సీడీ1ఏ అనే అణువు ఉరుషియాల్‌ను ప్రోటీన్‌తో పనిలేకుండా, కొవ్వుగానే పట్టుకుని టి కణాలకు చూపించగలదు. గుడ్డ లేకుండా ఉత్త సిరానే చూపించినట్టు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిసారి తగిలినప్పుడు ఈ చదువు పూర్తవడానికి పది రోజుల పైనే పడుతుంది. ఈలోగా ఏమీ కనపడదు, "నాకిది పడుతుంది, భయం లేదు" అనుకుంటాం. రెండోసారి తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, ఎరుపు, నీటి పొక్కులు. రెండో చిక్కు: చర్మాన్ని కాల్చేది ఆ నూనె కాదు, గుర్తు పడ్డ మన కణాల మీద పడే మన టి కణాలే. అందుకే జింకలు, పక్షులు, మేకలు దీన్ని హాయిగా తింటాయి. గొడవంతా దాదాపు మనుషులకే.

టి కణాలకు అమెరికా, ఇండియా తేడా తెలియదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇండియాకు వచ్చిన అమెరికా సైనికులకు మెడ వెనక, నడుము దగ్గర పొక్కులు లేచాయి. సరిగ్గా చాకలి గుర్తు ఉన్న చోట. 1943లో ఇది అమెరికా వైద్య పత్రికకు ఎక్కింది. జీడిపిక్క నూనెలోని అణువులు కూడా దగ్గరి బంధువులే. పలాసలో పిక్క కొట్టే ఆడవాళ్లు వేళ్లకు నూనె, బూడిద రాసుకునేది అందుకే. 1982లో పెన్సిల్వేనియాలో పెంకు ముక్కలు కలిసిన జీడిపప్పు తిని జనం ఒళ్లంతా దద్దుర్లతో అవస్థ పడ్డారు.

తీగ రాసుకున్న చోట పొక్కులు వరసగా గీతలా లేస్తాయి. మన ఊళ్లో అయితే సర్పి అని జాజు రాసి మంత్రం వేయించేవారు. మంత్రం వేయించినా వేయించకపోయినా రెండు మూడు వారాల్లో తనే మానుతుంది, పేరు మంత్రానికి వస్తుంది. పొక్కుల నీరు తగిలితే పాకుతుందన్నది కూడా అపోహే. ఆ నీళ్లలో ఉరుషియాల్ ఉండదు. కొత్త చోట లేచిందంటే అక్కడ తక్కువ నూనె తగిలి ఆలస్యంగా లేచిందన్నా అనుకోవాలి, లేదా చెప్పుల మీదో కుక్క బొచ్చు మీదో మిగిలిన నూనె మళ్లీ అంటిందన్నా అనుకోవాలి.

అయితే తీగను తియ్యడం ఎలా? మనం పోరాడేది మొక్కతో అనుకుంటే తప్పులు చేస్తాం. పోరాటం నూనెతో, గడియారంతో. గుర్తు ఆరకముందే తుడవాలి. పది నిమిషాల్లో కడిగితే సగమైనా పోతుంది, ఆలస్యమయ్యే కొద్దీ లాభం తగ్గిపోతుంది. గిన్నెల సబ్బు, చల్లటి నీళ్లు, ముతక గుడ్డ. నూనె కంటికి కనిపించదు కాబట్టి చేతికి గ్రీజు అంటిందనుకుని తోమాలి. ఉత్త నీళ్లు పోసుకుంటే తోక నవ్వుకుంటుంది.

రబ్బరు గ్లౌజులు నమ్మొద్దు, ఉరుషియాల్ రబ్బరులో కరిగి లోపలికి వస్తుంది. మందపాటి వినైల్ గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, బూట్లలోకి దోపిన ప్యాంటు. తాడు తిప్పి కోసే గడ్డి మెషీన్ అసలు వాడకూడదు, జిగురును మొహానికి చిమ్ముతుంది. చెట్టెక్కిన తీగను కిందకి లాగొద్దు. మోకాలి ఎత్తులో ఒకసారి, కింద ఇంకోసారి కోసి, మధ్య ముక్క తీసెయ్యాలి. పైది చెట్టు మీదే ఎండిపోతుంది. కోసిన మోడుకు వెంటనే గ్లైఫోసేట్ గానీ ట్రైక్లోపిర్ గానీ, అంటే కలుపు మందు, బ్రష్‌తో పుయ్యాలి, డబ్బా మీద రాసిన మోతాదులోనే. మందు వద్దనుకుంటే వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. ముక్క మిగిలితే మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. అక్కడ మేకల మందల్ని అద్దెకిస్తారు, తీగలు మేయడానికే. మన మేక అడ్డసరం ముట్టదు గానీ అక్కడి మేకకు ఇది పలావు. మేసిన మేకను నిమరకుండా ఉంటే చాలు.

పీకింది ఏం చెయ్యాలి? ఇక్కడే మనవాళ్లతో నాకు టెన్షన్. కంప కనిపిస్తే మన చెయ్యి అగ్గిపెట్టె మీదకి పోతుంది. ఉరుషియాల్ తేలిగ్గా ఆవిరి కాదు, పొగలోని మసి రేణువుల మీదెక్కి ప్రయాణం చేస్తుంది. ఆ పొగ పీలిస్తే చేతి మీద లేచే పొక్కుల్లాంటి వాపే గొంతులో, ఊపిరితిత్తుల్లో వస్తుంది. ప్రాణం మీదకి రావచ్చు. ఎండిపోయిన కొమ్మ అయినా ఇంతే, నూనె ఏళ్లకేళ్లు చావదు. కాల్చొద్దు, పొడి చేసే మెషీన్‌లో వెయ్యొద్దు, ఎరువు గుంటలో కలపొద్దు. మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, అక్కడి చెత్తవాళ్లు ఎలా ఇమ్మంటే అలా ఇవ్వాలి. కత్తెర పిడిని కూడా స్పిరిట్‌తో తుడవాలి. బట్టలు విడిగా ఉతకాలి. మొహం మీద, కళ్ల దగ్గర లేచినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా డాక్టరు దగ్గరికే పోవాలి.

వాడుండే చోటికి దగ్గర్లోనే డ్యూక్ యూనివర్సిటీ అడవి ఉంది. అక్కడ చెట్ల మధ్య కార్బన్ డయాక్సైడ్ వదులుతూ ఆరేళ్లు చూసి, 2006లో ఫలితాలు చెప్పారు. పాయిజన్ ఐవీ ఏటా పెరిగే పెరుగుదల రెట్టింపు దాటింది. ఉరుషియాల్ తోకలో కార్బన్ల మధ్య జంట బంధాలు ఎక్కువయ్యాయి. జంట బంధాలు ఎంత ఎక్కువైతే టి కణాలకు అంత కోపం. ఈ సంగతి తమ్ముడికి చెబితే "స్థలం అమ్మెయ్యనా?" అన్నాడు.

అమ్మలేదు. ఆ రోజు చెయ్యి కడుక్కున్నాడు, మోచేతి దాకా, నేను చెప్పినట్టే. మూడో రోజు మళ్లీ ఫోటో వచ్చింది: ఎడమ మణికట్టు చుట్టూ పొక్కుల గీత, కడియంలా. చెయ్యి కడుక్కునేటప్పుడు వాచీ తీసి సింకు పక్కన పెట్టి, తుడుచుకున్నాక మళ్లీ పెట్టుకున్నాడట. తోలు పట్టీ.